తాత వాచీకి మూడు వయసులు

(పాత వస్తువులంటే ఇష్టమున్నవాళ్లు పెట్టుకున్న ఆదివారం సమావేశంలో చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాశాం. చివర్లో వచ్చిన ప్రశ్నల్లో కొన్నే ఇచ్చాం.)

అందరికీ నమస్కారం. వాచీలు వెంట తెచ్చుకోమని ముందే చెప్పినట్టున్నారు, చాలామంది ఒళ్లో కర్చీఫులో చుట్టిన పొట్లాలు కనిపిస్తున్నాయి. సంతోషం. ఒక్క మనవి. దయచేసి ఎవరూ ఇప్పుడు కీ తిప్పకండి. ఏళ్ల తరబడి బీరువాలో పడున్న వాచీలో నూనె ఎండి జిగురైపోయి ఉంటుంది. కీ ఇస్తే వాచీ ఆడొచ్చు. ఆడుతుంది కాబట్టి బాగానే ఉందని మురిసిపోతాం. నూనె లేకుండా చక్రాలు తిరిగితే ఇరుసులు అరుగుతాయి, ఆ అరుగుదలని ఎవరూ పూడ్చలేరు. "ఓసారి చూద్దాం" అనే సరదాని ఇంకో గంట ఆపుకోండి.

పాత వాచీ పట్టుకుని నా దగ్గరికొచ్చేవాళ్లు ముందుగా అడిగేది "ఎంత వస్తుందండీ?" అని. ఆ తర్వాత "ఎప్పటిదండీ?" అంటారు. నిజానికి రెండోది తేలితేగాని మొదటిదానికి జవాబు లేదు. ఆ రెండోది మనం అనుకున్నంత తేలిక కూడా కాదు. ఎందుకంటే వాచీకి ఒకే వయసు ఉండదు. లోపలి మెషీన్‌కి ఒక వయసు, కేసుకి, అంటే బయటి గుల్లకి, ఒక వయసు, అంకెలుండే డయల్‌కి ఒక వయసు. మూడూ ఒకే ఏడాదివైతే అదృష్టం. మన దేశంలో నలభై యాభై ఏళ్లు రోజూ చేతికి పెట్టుకున్న వాచీలో మూడూ కలిసి ఉండటం అరుదు. ఆర్టీసీ బస్సుకి బాడీ మారుతుంది, సీట్లు మారతాయి, ఛాసిస్ నంబరు మాత్రం అదే. వాచీలో ఆ ఛాసిస్ నంబరు లాంటిది లోపలి మెషీన్. మనం చూసేది మాత్రం డయల్. మూడింటిలో ఎక్కువ అబద్ధాలు చెప్పేది కూడా అదే.

నాలుగోది ఇంకొకటి ఉంది, ఇంట్లో చెప్పుకునే కథ. మన దగ్గర అల్లుడికి వాచీ పెట్టడం ఒక ఆచారం లాంటిది. సైకిలు, రేడియో, వాచీ అని జాబితా రాసుకున్న రోజులవి. అందుకే ఏ ఇంట్లో అడిగినా "మా తాతగారికి పెళ్లిలో మామగారు పెట్టిందండీ" అనే వస్తుంది. ఒకాయన ఇలాగే హెచ్‌ఎంటీ జనతా తెచ్చారు. తాతగారి పెళ్లి 1956లో. పెళ్లినాటి వాచీ అని ఇంటిల్లిపాదీ నమ్ముతున్నారు. హెచ్‌ఎంటీ అనే కంపెనీ 1953లోనే పుట్టిన మాట నిజం. కానీ అప్పుడు వాళ్లు చేసింది యంత్రాలు తయారుచేసే యంత్రాలు. జపాన్ సిటిజెన్ కంపెనీతో కలిసి బెంగుళూరులో వాచీల ఫ్యాక్టరీ పెట్టింది 1961లో. 1956లో పెళ్లికొడుకు చేతికి హెచ్‌ఎంటీ రావడానికి దారే లేదు.

అంటే ఆ కుటుంబం అబద్ధం చెప్పిందా? లేదండీ. నేననుకునేది ఏమిటంటే, పెళ్లిలో ఏదో వాచీ పెట్టే ఉంటారు. అది పోయో, పాడయ్యో, తమ్ముడికి ఇచ్చో ఉంటారు. ఆ స్థానంలో ఇది వచ్చింది. పాత వాచీ కథ కొత్త వాచీకి అంటుకుంది. ఇళ్లల్లో ఇలా చాలా జరుగుతుంది. కాబట్టి కథని పారేయకండి, అలాగని దాన్ని పట్టుకుని తేదీ కట్టకండి. కథని సాక్షిగా ఉంచుకుని, మిగతా సాక్ష్యాలతో పోల్చి చూడాలి.

ఇప్పుడు నేను చేసింది గమనించండి. ఆ వాచీ ఏ సంవత్సరానిదో నేను చెప్పలేదు. ఏ సంవత్సరానికి ముందుది కాదో చెప్పాను. ఈ పని మొత్తం ఇలాగే సాగుతుంది. "దీనికి ముందుది కాదు" అని ఒక గోడ, "దీని తర్వాతది కాదు" అని ఇంకో గోడ. రెండు గోడల్నీ ఎంత దగ్గరికి జరపగలిగితే అంత. ఒక్కోసారి నెలతో సహా తేలుతుంది. ఒక్కోసారి పదేళ్ల ఖాళీ మిగిలిపోతుంది, అప్పుడు దానితోనే సరిపెట్టుకోవాలి.

సరే, మూత తీయకుండా కనిపించేవి ముందు చూద్దాం. వీటిని త్వరగా ముగిస్తాను.

సెకన్ల ముల్లు సెకనుకోసారి టిక్కుమని ఆగి ఆగి కదులుతోందా? అయితే అది దాదాపుగా బ్యాటరీది, క్వార్ట్జ్. క్వార్ట్జ్ చేతి వాచీ అమ్మకానికి వచ్చిందే 1969 డిసెంబరులో, జపాన్‌లో, సీకో ఆస్ట్రాన్. అప్పట్లో దాని ధర ఒక కారు ధరతో పోటీ పడేది. మన ఇళ్లలోకి క్వార్ట్జ్ మామూలుగా వచ్చింది 1980ల్లో, టైటాన్ హోసూరు ఫ్యాక్టరీ నుంచి వాచీలు రావడం మొదలయ్యాక. కాబట్టి బ్యాటరీ వాచీని "స్వాతంత్ర్యం నాటిది" అని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి.

స్విస్ వాచీ అయితే డయల్ అడుగున, ఆరు అంకె కింద, భూతద్దంతో చూడండి. స్విస్ అనే మాటకి అటూ ఇటూ ఇంగ్లీషు టీ అక్షరం ఉంటే అది ట్రిటియం గుర్తు. చీకట్లో వెలిగే పూత అది. ఈ గుర్తు 1960ల నుంచి 1990ల దాకా నడిచింది. టీ లేకుండా, అంకెల మీద పచ్చగానో గోధుమరంగుగానో ముదిరిన పూత ఉండి, వాచీ చూడబోతే 1930ల నుంచి 50ల దాకా వచ్చిన తరహాలో ఉంటే, ఆ పూత రేడియం అయ్యే అవకాశం ఎక్కువ. ఇక్కడ ఒక్క నిమిషం ఆగుతాను.

రేడియం రేడియోధార్మిక పదార్థం, అది సగానికి తగ్గడానికి 1600 ఏళ్లు పడుతుంది. పూత ఇప్పుడు వెలగడం లేదు కదా, దాని పని అయిపోయింది అనుకుంటారు. వెలుగునిచ్చే రసాయనం చచ్చిపోయింది, అంతే. రేడియం అలాగే ఉంది. మూత పెట్టి, అద్దం పగలకుండా ఉన్న వాచీ బీరువాలో ఉంటే కంగారు పడక్కర్లేదు. కానీ అద్దం తీసి ఆ పూతని గోటితో గీకడం, నోటితో ఊదడం, పాత టూత్‌బ్రష్‌తో తోమడం మాత్రం వద్దు. ఆ పొడి లోపలికి పోతే ప్రమాదం. పిల్లలున్న ఇల్లయితే మరీ జాగ్రత్త.

వెనక మూత మీద వాటర్‌ప్రూఫ్ అని రాసుందా, వాటర్ రెసిస్టెంట్ అని రాసుందా అనేది కూడా పనికొచ్చే సాక్ష్యం. "నీళ్లు అసలే పోవు" అని కంపెనీలు గొప్పగా చెప్పుకోవడం 1960ల చివరికి తగ్గిపోయింది. సీకో వాచీల్లో ఈ మార్పు 1970 దగ్గర చాలా స్పష్టంగా కనిపిస్తుంది. దీన్ని గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో దీనితో పనుంది.

ఇక బంగారం. పసుపు రంగులో మెరిసిందల్లా బంగారు వాచీ అని ఇంట్లో పేరు పడిపోతుంది. వెనక మూత మీద 20 మైక్రాన్లు అనో, స్టెయిన్‌లెస్ స్టీల్ బ్యాక్ అనో ఉంటే అది పూత. నిజం బంగారమైతే 18 క్యారెట్లకి 750 అనో, 14కి 585 అనో అంకె ఉంటుంది, స్విస్ కేసులో 18 క్యారెట్లకి ఒక స్త్రీ తల ముద్ర ఉంటుంది. ఆ ముద్ర 1995లో మారింది, ఆ తర్వాత కుక్క తల వచ్చింది. బంగారం గురించి ఇంతకు మించి చెప్పను. అన్నదమ్ముల మధ్య పంపకాల గొడవ నా నెత్తిన పడుతుంది. (నవ్వులు)

ఇప్పుడు డయల్ సంగతి. బాధగా చెప్పాల్సిన సంగతి ఇది. మన దేశంలో పాత వాచీల డయల్స్‌కి మళ్లీ రంగేసి, కొత్తగా అచ్చేసే పని పెద్ద ఎత్తున జరిగింది, ఇంకా జరుగుతోంది. కలెక్షన్ చేసేవాళ్లు వీటిని ముంబై స్పెషల్ అంటారు. ఫావ్ర్ లుబా అనే స్విస్ కంపెనీ వాచీలు, హెచ్‌ఎంటీ, సీకో 5 దీనికి ఎక్కువగా బలైపోయాయి. ఎర్ర డయల్ జనతా, నీలం మీద నారింజ చుక్కల ఫావ్ర్ లుబా సీ చీఫ్, ఇవన్నీ ఆ కంపెనీలు కలలో కూడా చేయనివి. మోజుపడి కొంటున్నారు. సరే, వాళ్లిష్టం. కానీ మీ తాతగారి వాచీకి కూడా ఎప్పుడో ఒకప్పుడు రంగేయించి ఉండొచ్చు. అప్పట్లో తేమకి డయల్ మచ్చలు పడితే కొత్తది దొరికేది కాదు, షాపులో రంగేసి ఇచ్చేవారు. అందులో మోసం లేదు. మరమ్మతు అది.

ఎలా పట్టుకోవాలి? భూతద్దంలో అక్షరాల అంచులు చూడండి. ఫ్యాక్టరీ అచ్చు అంచులు కత్తితో కోసినట్టుంటాయి. మళ్లీ వేసినదైతే సిరా ఉబ్బినట్టు, అంచు పాకినట్టు ఉంటుంది. నిమిషాల గీతలు అంకెల మధ్యకి సరిగ్గా రావు. కొన్నిసార్లు స్పెల్లింగే తప్పు. తేదీ కిటికీ అంచు దాకా రంగు కారి ఉంటుంది. ఇంకో చిట్కా, కేసంతా గీతలు పడి, మూలలు అరిగి, డయల్ మాత్రం నిన్న వేసినట్టు తళతళలాడుతుంటే అనుమానించండి. ముఖం ఒక్కటే ముసలితనం రాకుండా ఎలా ఆగింది?

జనతా గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఈ హాల్లో ఉన్న వాచీల్లో అదే ఎక్కువ అని నా అంచనా. చేత్తో కీ ఇచ్చే మెషీన్, నంబరు 0231, 17 జ్యూయెల్స్ (ఇరుసులు అరగకుండా పెట్టే చిన్న రాళ్లు), మూలం సిటిజెన్‌ది. గొప్ప నాజూకేమీ లేదు, మొరటు మెషీన్. అందుకే బతికింది. చిక్కు ఏమిటంటే ఈ జనతాని దశాబ్దాల పాటు చేస్తూనే ఉన్నారు. 2016లో కేంద్రం వాచీల కంపెనీని మూసేయాలని నిర్ణయించేనాటికి కూడా కొత్త జనతాలు దొరుకుతున్నాయి. అంటే మీ చేతిలో ఉన్నది 1960ల నాటిది కావచ్చు, 2010 నాటిది కావచ్చు, పైకి అన్నదమ్ముల్లాగే ఉంటాయి. డయల్ మీద హెచ్‌ఎంటీతో పాటు సిటిజెన్ అని కూడా ఉంటే, ఆ డయల్‌కి రంగేయించలేదని తేలితే, అది తొలి ఏళ్లది. ఆ పేరు తర్వాత తీసేశారు. హైదరాబాద్ వాళ్లు కొందరు "మా ఊళ్లో చేసిన వాచీ" అంటుంటారు. హైదరాబాద్ హెచ్‌ఎంటీలో చేసింది మెషీన్ టూల్స్, బేరింగుల వంటివి. వాచీలు బెంగుళూరు, శ్రీనగర్, తుమకూరు, రాణీబాగ్ ఫ్యాక్టరీల్లో అయ్యాయి.

హైదరాబాద్‌లో పుట్టిన వాచీ కావాలంటే అది ఆల్విన్. నిజాం కాలంలో, 1942లో మొదలైన కంపెనీ. ఫ్రిజ్‌లు చేసింది, డబుల్ డెక్కర్ బస్సులకు బాడీలు కట్టింది, స్కూటర్లు చేసింది. 1980ల మొదట్లో సీకో సాంకేతిక సహకారంతో వాచీలు చేసింది. 1990ల్లో ఆ కంపెనీ ముక్కలైపోయింది. చూశారా, రెండు గోడలూ ఎంత దగ్గరగా ఉన్నాయో! ఆల్విన్ అని కనిపిస్తే చాలు, కళ్లు మూసుకుని ఆ పదీ పదిహేనేళ్ల మధ్యది అనొచ్చు. మనవాళ్లు దీన్ని చిన్నచూపు చూసి డ్రాయరులో పడేస్తారు. నన్నడిగితే తెలుగువాళ్ల ఇంట్లో దాచుకోవాల్సిన మొదటి వాచీ ఇదే, ధర మాట అటుంచండి.

ఇప్పుడు మూత తీద్దాం. నేను కాదు, మీరూ కాదు, తీసేది వాచీ రిపేరు చేసే మనిషి. చాకుతో, స్క్రూడ్రైవర్‌తో ఎగదీయకండి. కొన్ని మూతలు నొక్కితే బిగుసుకునేవి, కొన్ని మరతో తిప్పేవి. కొన్ని స్విస్ కేసులకి అసలు వెనక మూతే రాదు, అద్దం వైపు నుంచి తీయాలి. అది తెలియక వెనక వైపు గీకి గీకి పాడుచేసిన వాచీలు చాలా చూశాను. మీ ఊళ్లో ఇంకా ఒకటో రెండో పాత షాపులు ఉంటాయి. వెళ్లి, "మీ కూలి ఇస్తాను, నా ఎదురుగా తీయండి, ఫొటో తీసుకుంటాను, శుభ్రం చేయొద్దు" అనండి. చివరి మాట ముఖ్యం.

ఎందుకు శుభ్రం చేయొద్దో ఒక వాచీతో చూపిస్తాను. ఇది నాకు తెలిసిన ఒక కుటుంబానిది, వాళ్లు ఒప్పుకుని ఇచ్చారు. స్క్రీన్ మీద చూడండి. సీకో 5, ఆటోమేటిక్, అంటే చేయి కదిలితే దానంతటదే స్ప్రింగు ఎక్కేది. నాన్నగారు గల్ఫ్ నుంచి తెచ్చారని కొడుకు చెప్పాడు, ఏ ఏడాదో అతనికి తెలియదు, అప్పటికి చిన్నపిల్లాడు. వారం చూపించే కిటికీ చూడండి. కీ తిప్పి రోజు మారుస్తుంటే ఒకసారి ఇంగ్లీషు, ఒకసారి అరబిక్ వస్తోంది. సీకో ఏ దేశంలో అమ్మే వాచీకి ఆ దేశం భాషలో వారాల పళ్లెం వేసేది. ఇది గల్ఫ్ మార్కెట్ కోసం చేసిందే. కథలో ఒక ముక్క నిజమని తేలిపోయింది.

ఇప్పుడు వెనక మూత. నాలుగంకెలు, మధ్యలో గీత, మళ్లీ నాలుగంకెలు. మొదటి నాలుగు మెషీన్ నంబరు, ఇక్కడ 7009. తర్వాతి నాలుగు కేసు నంబరు. వాటికి దూరంగా ఆరు స్థానాల సీరియల్ ఉంది. సీకో చేసిన మంచి పని ఇదే, 1960ల చివరి నుంచి సీరియల్‌లోనే తేదీ పెట్టేసింది. మొదటి అంకె సంవత్సరంలో చివరి అంకె. రెండో స్థానం నెల. ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకెలు, అక్టోబరుకి ఓ, నవంబరుకి ఎన్, డిసెంబరుకి డి. ఓ అక్షరం సున్నాలా ఉంటుంది, పొరబడకండి. ఇక్కడ 8, దాని పక్కన ఎన్. నవంబరు. సంవత్సరం 8తో ముగుస్తుంది.

ఏ 8? 1968, 1978, 1988 మూడూ 8తోనే ముగుస్తాయి. 7009 మెషీన్ వచ్చిందే 1970ల మధ్యలో, కాబట్టి 1968 కొట్టేయండి. కానీ ఈ మెషీన్ 1980ల్లో కూడా తయారైంది. 1978 కావచ్చు, 1988 కావచ్చు. వాటర్ రెసిస్టెంట్ అని రాసుంది, అది రెండిటికీ సరిపోతుంది. ఇదే 1969, 1979 మధ్య తగువైతే, వాటర్‌ప్రూఫ్ అన్న మాట కనిపించగానే తీర్పు ఇచ్చేసేవాళ్లం. ఇక్కడ ఆ దారి లేదు.

ఇప్పుడు మూత తిరగేసి లోపలి వైపు చూడండి. ఫొటో పెద్దది చేస్తాను. సూదితో గీసినట్టు సన్నటి గీతలు కనిపిస్తున్నాయా? ఒక ఇంగ్లీషు కే, పక్కన 3, అడ్డగీత, 84. దాని కింద ఇంకో చేతిరాత, 11, అడ్డగీత, 91. మా నాన్నది వాచీ రిపేరు షాపు, ఆయన కూడా ఇలాగే గీసేవారు. తన గుర్తు, నెల, ఏడాది. రేపు అదే వాచీ మళ్లీ వచ్చి "మీరు బాగుచేసి నెల కాలేదు, ఆగిపోయింది" అని ఎవరైనా అంటే మూత తీసి చూపించడానికి. 1984 మార్చిలో ఈ వాచీ ఎవరో రిపేరర్ బల్ల మీద ఉంది. 1988లో పుట్టిన వాచీ 1984లో రిపేరుకి రాదు కదా. కాబట్టి 1978 నవంబరు.

అయితే ఒక్క మెలిక. ఆ మూత, ఈ మెషీన్, ఈ కేసు మొదటి నుంచీ కలిసి ఉన్నవేనా? మూత మీద 7009 అని ఉంది, లోపల మెషీన్ మీద కూడా 7009 అనే ఉంది. డయల్ అడుగున సన్నగా ఉన్న నంబరు కూడా 7009తోనే మొదలవుతోంది. మూడూ కలిశాయి. నాన్నగారి పాత పాస్‌పోర్టు చూడమన్నాను. 1979లో మొదటిసారి వెళ్లినట్టు ముద్ర ఉంది. జపాన్‌లో నవంబరులో తయారైన వాచీ ఆ తర్వాతి ఏడాది గల్ఫ్‌లో ఒక షాపు అద్దాల వెనక ఉండటం సహజం. కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి ఆ రోజుల్లో వెళ్లినవాళ్లు తెచ్చిన సీకోలు, సిటిజెన్‌లు మన దగ్గర లెక్కలేనన్ని ఉన్నాయి. సిటిజెన్ వాచీకి కూడా చాలావరకు ఇలాంటి పద్ధతే, మొదటి అంకె ఏడాది, తర్వాతి రెండంకెలు నెల.

ఆ గీతల్ని పాలిష్ పట్టించి ఉంటే ఏమయ్యేది? పదేళ్ల అనుమానం అలాగే మిగిలిపోయేది. అందుకే శుభ్రం వద్దన్నాను.

స్విస్ వాచీల్లో వరస వేరు. అక్కడ డయల్ మీద పేరు ఒకరిది, లోపలి మెషీన్ ఇంకొకరిది కావడం మామూలే. ఏ షిల్డ్, ఫోంటెన్‌మెలన్, ఈటీఏ వంటి ఫ్యాక్టరీలు మెషీన్లు చేసి పదుల కొద్దీ కంపెనీలకు అమ్మేవి. అటూ ఇటూ ఊగే బ్యాలెన్స్ చక్రం పక్కనో కిందనో చిన్న ముద్ర, దాని దగ్గర అంకె ఉంటుంది. ఏ షిల్డ్‌ది అయితే ఏఎస్, ఫోంటెన్‌మెలన్‌ది అయితే ఎఫ్‌హెచ్‌ఎఫ్ అని కనిపిస్తుంది. ఆ అంకె మెషీన్ ఎప్పుడు మొదలైందో తెలిస్తే ఒక గోడ దొరికినట్టే. పేరు వినని స్విస్ బ్రాండ్ అయినా నిరాశ పడకండి, ఆ ముద్ర మీకు జవాబు చెబుతుంది.

ఫావ్ర్ లుబా మనకు పాత చుట్టం. 1737లో స్విట్జర్లాండ్‌లోని ల లోక్ల్‌లో మూలాలున్న కంపెనీ. 1865 నుంచే బొంబాయితో వ్యాపారం. సీ కింగ్, సీ చీఫ్ అనే పేర్లు మన తాతల తరంలో వినని ఇల్లు ఉండదు. లోపల ఎఫ్‌ఎల్ 251 అని ఉంటే 1962 కంటే ముందుది కాదు. పలచటి మెషీన్, స్ప్రింగు పెట్టెలు రెండు ఉంటాయి. చేతిలో పట్టుకుంటే ఇంత సన్నగా ఎలా చేశారా అనిపిస్తుంది. వెస్ట్ ఎండ్ వాచ్ కంపెనీ ఇంకో పాత చుట్టం, 1886 నుంచి బొంబాయిలో. చాలావాటి డయల్ మీద సోవార్ ప్రైమా అనే మోడల్ పేరు ఉంటుంది. మొదటి ప్రపంచ యుద్ధానికి వెళ్లిన భారతీయ సైనికుల చేతుల మీద కూడా వెస్ట్ ఎండ్‌లు ఉన్నాయి. బ్యాలెన్స్ ఇరుసు మీద ఇంకాబ్లాక్ స్ప్రింగు ఉంటే మాత్రం యుద్ధం నాటిది అనకండి. దెబ్బ తట్టుకునే ఆ ఏర్పాటు వచ్చింది 1930ల్లో.

ఒమెగా ఉన్నవాళ్లకి పని సులువు. సీరియల్ మెషీన్ మీదే ఉంటుంది, ఆ సీరియల్స్‌కి ఏళ్ల పట్టిక అందరికీ తెలిసిందే. కోటీ నలభై లక్షల వరస 1954 దరిదాపు, రెండు కోట్ల వరస 1963 దరిదాపు. అది మెషీన్ తయారైన కాలం. అమ్ముడైంది ఏడాదో రెండేళ్లో తర్వాత కావచ్చు. మనలాంటి దేశానికి దిగుమతి అయి, ఏదో ఊళ్లో షాపుకి చేరి, పెళ్లి ముహూర్తం దాకా ఆగి ఉంటే ఇంకా ఆలస్యం. రోలెక్స్ అయితే పాత వాటికి నంబరు బెల్టు తగిలించే కొమ్ముల మధ్య కేసు అంచున ఉంటుంది, బెల్టు ఊడదీస్తేనే కనిపిస్తుంది. రోలెక్స్ ఉంటే మీరు ఇక్కడికి కాకుండా బ్యాంకు లాకరుకి వెళ్లేవారనుకోండి. (నవ్వులు)

కాగితాలు మరిచిపోకండి. గ్యారంటీ కార్డు, బిల్లు, పాత ఫొటోలు. ఆ రోజుల్లో ఫొటోకి కూర్చుంటే వాచీ పడేలా చొక్కా చేయి పైకి లాక్కునేవారు. పెళ్లి ఫొటో స్కాన్ చేసి మణికట్టు దగ్గర పెద్దది చేయండి. డయల్ పేరు కనిపించకపోవచ్చు. కేసు గుండ్రమా పలకా, చిన్న సెకన్ల ముల్లు కింద విడిగా ఉందా, ఇవి కనిపిస్తాయి. జనతా తెచ్చిన ఆయనతో ఇదే చేయించాను. పెళ్లి ఫొటోలో తాతగారి చేతికున్నది పలక వాచీ, చిన్న సెకన్లు కింద. జనతా గుండ్రం, సెకన్ల ముల్లు మధ్యలో. పెళ్లి వాచీ వేరే ఉండేదని ఆ ఫొటోనే చెప్పింది. ఇప్పుడు ఆయన బంధువుల ఇళ్లల్లో ఆ పలక వాచీ కోసం వెతుకుతున్నారు.

ఇక ప్రశ్నలు అడగండి.

ప్రశ్న: మా మామగారి వాచీ డయల్ నల్లబడిపోయిందండీ. రంగేయించి పెట్టుకోవచ్చా?

అమ్మా, వద్దు. నల్లబడిన పాత డయల్‌కి ఉన్న విలువ కొత్తగా రంగేసినదానికి ఉండదు. కలెక్షన్ చేసేవాళ్ల లెక్కలోనూ, నా లెక్కలోనూ. మరీ చూడలేకపోతే ఇంకో డయల్ వేయించుకుని, ఆ పాతది చిన్న కవరులో పెట్టి వాచీతోనే దాచండి. తీసేసిన ఏ భాగాన్నైనా షాపులో వదిలేయకుండా అడిగి తెచ్చుకోండి.

ప్రశ్న: హెచ్‌ఎంటీలకి ఇప్పుడు మంచి రేటు ఉందంటున్నారు?

మూసేస్తున్నారన్న వార్త వచ్చాక గిరాకీ పెరిగిన మాట నిజం. దాంతో పాటు నకిలీలూ పెరిగాయి. పైలట్ అని నల్ల డయల్ ఉన్నది చాలామంది వెతుకుతారు, కాబట్టి నల్ల రంగు వేసిన జనతాలు పైలట్ పేరుతో తిరుగుతున్నాయి. మీ ఇంట్లో మొదటి నుంచీ ఉన్నదైతే మీకు ఆ బెంగ లేదు. అమ్మాలనుకుంటే ముందు ఫొటోలు తీసి పెట్టుకోండి, మూత లోపలి వైపుతో సహా.

ప్రశ్న: రోజూ పెట్టుకోవచ్చా?

సర్వీసు చేయించాక పెట్టుకోండి. విప్పి, కడిగి, నూనె వేసి బిగించాలి. మీద మీద స్ప్రే కొట్టి ఇచ్చేవాళ్ల దగ్గరికి వెళ్లకండి. వెనక మూత మీద ఏం రాసున్నా సరే, చేయి కడిగేటప్పుడు వాచీ తీసేయండి. రబ్బరు రింగు గట్టిపడి ఏళ్లయి ఉంటుంది. ఆటోమేటిక్ సీకో 5 చాలావాటికి కీ తిప్పితే స్ప్రింగు ఎక్కదు, చేతికి పెట్టుకుని తిరిగితేనే ఎక్కుతుంది. "కీ పనిచేయట్లేదు" అని బలంగా తిప్పి విరగ్గొట్టకండి.

ప్రశ్న: మా అమ్మది చిన్న వాచీ, నల్ల తాడు బెల్టుతో. దీని మీద పేరు కూడా చదవలేకపోతున్నాం.

ఆడవాళ్ల వాచీలు కష్టమండీ, మెషీనే చిటికెన వేలి గోరంత ఉంటుంది, ముద్రలు ఇంకా చిన్నవి. హెచ్‌ఎంటీలో సుజాత అని ఉండేది, అదేమో చూడాలి. కిందికి రండి, నా దగ్గర పది రెట్లు పెద్దగా చూపే అద్దం ఉంది. మిగతావాళ్లు కూడా వరసగా కిటికీ పక్క టేబుల్ దగ్గరికి రండి, అక్కడ వెలుతురు బాగుంది. మూతలు మాత్రం ఇక్కడ తీయను, పైనుంచి చూసి ఏమేం వెతకాలో కాగితం మీద రాసిస్తాను.